అవధానము - చాంచల్యము - భాష

తెలుగువారికి అవధానమనగానే మొదట స్మరణకు వచ్చేది నిండు సభ. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, మరొకరు నిషిద్ధాక్షరి. నడుమ నడుమ గంట మ్రోగుతూ ఉంటుంది. ఎన్నిమారులు మ్రోగినదో చివరకు చెప్పవలె. వీరందరికన్న కొంటెవాడు అప్రస్తుత ప్రసంగి. అవధాని చిత్తాన్ని చెదరగొట్టుటయే అతని ఉద్యోగం. అతనికి చమత్కారంగా బదులు చెప్పి, అవధాని మరల తాను విడిచిన పాదం దగ్గరకే వస్తాడు. ఆఖరున ధారణ. అనగా అవధానమన్నది చూపు నిలుపుట మాత్రమే కాదనీ, మాటను మనస్సులో పట్టి ఉంచి వేళకు వెలికితీయగల శక్తి అనీ మన పెద్దలు ఏనాడో గ్రహించినారు. నేటి వైద్యులు 'అవధాన లోపం' అని వ్యవహరించే అవస్థను అర్థం చేసికొనుటకు ఇంతకంటె మంచి ద్వారం నాకు కనిపించదు.

ఈ అవస్థ పాతదే, పేరు క్రొత్తది. 1798లో అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లండు వైద్యుడు చిత్తం నిలువని వారిని వర్ణించినాడు. 1902లో లండనులో జార్జి స్టిల్ ఇటువంటి పిల్లలను గూర్చి ఉపన్యసించినాడు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం అవధాన లోపమని పేరు పెట్టి, 1987లో ఆ పేరులో అతిచాంచల్యాన్ని కూడ చేర్చినది. చేతిలోని పని మధ్యలో మరచుట, ఎదుటివారి మాట ముగియకముందే అందుకొనుట, కూర్చున్నచోట కుదురుగా ఉండలేకపోవుట దీని లక్షణాలు. ఇది పెంపకపు దోషం కాదు, చాలవరకు వంశానుగతం.

మరి వంశానుగతమై, చదువుకు ఇంత చేటు చేసేదానిని ప్రకృతి ఏల తుడిచివేయలేదు? ఈ కుదురులేని వారు వేటగాండ్ర వారసులనీ, లోకం రైతులదైనందున వారు ఇమడలేకపోతున్నారనీ 1993లో థామ్ హార్ట్‌మన్ అనే అమెరికా రచయిత ఒక ఊహను ప్రచారం చేసినాడు. ఆ ఊహకు 2008లో ఉత్తర కెన్యాలోని అరియాల్ అనే పశుపాలకుల తెగనుండి కొంత బలం లభించినది. చాంచల్యంతో సంబంధమున్నదని భావింపబడే ఒక జన్యురూపం కలవారు, పశువులవెంట తిరిగే శాఖలో తక్కినవారికన్న పుష్టిగా ఉన్నారు. స్థిరనివాసమేర్పరచుకొన్న శాఖలో అదే రూపం కలవారు బక్కచిక్కి ఉన్నారు. తెగ ఒకటే, జన్యువు ఒకటే, మారినది బ్రతుకుతెరువు. 2024లో వెలువడిన మరొక పరిశోధనలో 457 మంది చేత కంప్యూటరు ఆటలో పొదలనుండి పండ్లు కోయించినారు. అవధాన లోపపు లక్షణాలు అధికంగా ఉన్నవారు ఒక పొదను త్వరగా విడిచి మరొకదానికి పోయినారు. మొత్తంమీద వారికే ఎక్కువ పండ్లు దక్కినవి.

తిరుగుబ్రతుకు విడిచి స్థిరపడిన వారి కథ అనగానే మన బోధను ప్రాంతం మెదలుట సహజం. ఎద్దుల మందలపై ధాన్యం, ఉప్పు వేసికొని దక్కను అంతటా సంచరించిన లంబాడీలు, రైళ్లు వచ్చి ఆ రవాణా పోయిన పిమ్మట తండాలలో నిలిచినారు. 1931 నాటికి మంజీరపై నిజాంసాగరు పూర్తి అయినది. 1937-38లో శక్కరునగరున చక్కెర కర్మాగారం వెలసి, 2015లో మూతపడువరకు ఈ నేల బ్రతుకును గడియారానికి కట్టివేసినది. ఆ పనులలోను అవధానం ఒకే తీరుది కాదు. పాకం కాగే పాన్ దగ్గర నిలిచినవాడు గాజుబిళ్ళపై చుక్క తీసి, వెలుతురుకు పట్టి, పలుకు కట్టినదా లేదా అని గంటల తరబడి ఒకే గురితో చూడవలె. రాత్రి చెఱకుతోటలో అడవిపందులకు కావలి ఉండేవానికి అటువంటి గురి పనికిరాదు. అతని చెవి నలుదిక్కుల తిరగవలె.

అయితే ఇంతటితో తండా పిల్లలందరికి 'సంచార జన్యువు' అంటగట్టుట అన్యాయం. చైనాలో ఆ రూపం దాదాపు లేదు. అవధాన లోపం గల పిల్లలు మాత్రం అక్కడను ఉన్నారు. అనేక జన్యువులు తలా కొంచెం చేసే పని ఇది. పైగా 2020లో ప్రాచీన మానవుల అవశేషాలనుండి తీసిన జన్యుపదార్థాన్ని పరిశీలించినవారు, ఈ లోపానికి దోహదం చేసే రూపాలు పాతరాతియుగం నుండియే తగ్గుతూ వస్తున్నవని కనుగొన్నారు. అనగా నాగలి పుట్టకముందే ఆ తగ్గుదల మొదలైనది! వేటగాని కథ వినుటకు ఇంపుగా ఉన్నది, ఋజువు సగమే.

నాకు ఇంతకన్న గట్టిగా తోచేది భాషతో ఉన్న ముడి. లండనులో మూడు తరాలుగా మాట సరిగా రాని ఒక కుటుంబంలో ఫాక్స్‌పీ2 అనే జన్యువు దెబ్బతిన్నదని 2001లో తేలినది. 2019లో ఇరువదివేలకు పైగా అవధాన లోపం కలవారి జన్యువులను తక్కినవారి వానితో పోల్చగా పన్నెండు తావులు బయటపడినవి. అందులో ఒకటి ఈ ఫాక్స్‌పీ2లోనే ఉన్నది. ఆశ్చర్యపడ నక్కరలేదు. తల్లి వ్రేలితో చూపిన చందమామను తానును చూచే ఏడాది పాప, అవధానాన్ని పంచుకొనుట నేర్చుకొన్నది. మాట పుట్టేది ఆ పంచుకొనుటలోనే. తరువాత ఆ మాటయే బిడ్డకు పగ్గమవుతుంది. 'ఆరేడులు నలభైరెండు, రెండు వేస్తే చేతిలో నాలుగు' అని గొణుగుతూ లెక్క చేసే బాలుడు తన్ను తాను నడుపుకొంటున్నాడు. క్రమంగా ఆ గొణుగుడు లోపలికి ఇంకి ఆలోచన అవుతుందని రష్యా మనస్తత్త్వవేత్త వైగోట్‌స్కీ 1934లో వ్రాసినాడు. అవధాన లోపం కల పిల్లలలో ఈ ఇంకుట ఆలస్యమవుతుందని 1997లో అమెరికా శాస్త్రజ్ఞుడు రస్సెల్ బార్క్‌లీ ప్రతిపాదించినాడు. అటువంటి పిల్లవానిని 'నోరు మూసికొని చేయి' అని గద్దించుట, కుంటివాని కర్ర లాగివేయుట వంటిది.

ఇచ్చటనే నిజామాబాదు, బోధను బడులలోని ఉపాధ్యాయునికి పెద్ద చిక్కు ఉన్నది. ఒకే తరగతిలో ఇంట తెలుగు పలికేవారు, ఉర్దూ పలికేవారు, సరిహద్దు మరాఠీ పలికేవారు, తండాలో లంబాడీ పలికేవారు కూర్చుంటారు. తెలుగులో సైతం ఊరి పలుకు వేరు, కోస్తానుండి వచ్చి కాంపులలో స్థిరపడినవారి పలుకు వేరు, పుస్తకపు పలుకు వేరు. పాఠపు మాటలు అర్థంకాని పిల్లవాడు ఏమి చేస్తాడు? కిటికీలోనుండి చూస్తాడు, ప్రక్కవానిని గిల్లుతాడు, చెప్పినది మరుస్తాడు. చూచేవారికి అచ్చముగా అవధాన లోపమే! ఒకని లోపం మరొకనికి అంటగట్టితే ఇద్దరును నష్టపోతారు.

వైద్యుల 2013 నాటి నిబంధనల ప్రకారం లక్షణాలు పన్నెండేండ్లలోపే పొడచూపి ఉండవలె. ఆరు మాసాలైన నిలిచి ఉండవలె. బడిలోనే కాక మరొకచోట కూడ కనిపించవలె. ఈ కడపటిది ఉపాధ్యాయునికి మిక్కిలి ఉపకరించేది. తల్లిని ఆమె భాషలోనే అడిగించవలె: చెప్పిన పని ఇంటివద్ద కూడ సగంలో మరుస్తున్నాడా? ఇంటిభాష తెలిసినవారి చేత ఒక కథ చెప్పించి, తిరిగి చెప్పమనవలె. వరుస తప్పక చెప్పినచో మొదట పాఠపు భాషను అనుమానింపవచ్చును. అక్కడను దారం తెగిపోతున్నదా, మనోవైద్యునికి చూపుటలో జాగు చేయరాదు. అనేకులకు మందులు గుణమిస్తున్నవి, బెత్తం ఎవరికిని ఇవ్వలేదు.

బాలికలు మాత్రం తరచు ఎవరి దృష్టికి రారు. వారిలో చాంచల్యం తక్కువగా, పరధ్యానం ఎక్కువగా ఉండుట కద్దు. అల్లరి చేయరు గనుక ఫిర్యాదు రాదు. వెనుక బల్లపై మౌనంగా కూర్చున్న ఆ పిల్లను కూడ పిలిచి, అదే కథను తిరిగి చెప్పమని అడుగవలె.