సైటేషన్ పట్టుకొని తీర్పు దాకా

‘ముందు విచారణ జరగాలి, ఆ తర్వాతే ఎఫ్‌ఐఆర్. సుప్రీంకోర్టే చెప్పింది.’ అట్రాసిటీ కేసు పెట్టడానికి ఠాణా మెట్లెక్కిన మనవాళ్లలో చాలామంది విన్న మాట ఇది. ఏ తీర్పు, ఎప్పటిది, ఎంతమంది జడ్జీలు చెప్పింది అని అడిగితే ఒక కాయితం మీద నాలుగు అంకెలు రాసిస్తారు. ఒక్కోసారి అదీ ఉండదు. ఆ అంకెలు చూసి వెనక్కి తిరుగుతాం. చదువుకున్నోళ్లం కూడా తిరుగుతాం. పరిశోధనలో చేరిన కొత్తలో నేనూ ‘ఏఐఆర్’ అన్న మూడక్షరాల దగ్గరే ఆగిపోయాను. దాన్ని చదవడం మాకెవరూ నేర్పలేదు. నేర్చుకుంటే మాత్రం ఒక పూట పని.

సైటేషన్ అంటే తీర్పు చిరునామా. తీర్పును ఏ పుస్తకంలో, ఏ పేజీలో అచ్చువేశారో అది చెప్తుంది. ‘ఏఐఆర్ 2005 ఎస్సీ 162’ అన్నది చూడండి. ఏఐఆర్ అంటే ఆలిండియా రిపోర్టర్, తీర్పుల పత్రిక. 2005 అన్నది ఆ పత్రిక సంవత్సరం. 162 పేజీ నంబరు. మధ్యలో ఎస్సీ అంటే మన నోట్లో నానిన ఎస్సీ కాదు, సుప్రీంకోర్టు! హైకోర్టు తీర్పయితే ఆ చోట ఆ హైకోర్టు పేరు పొడి అక్షరాల్లో ఉంటుంది.

ఇక ‘(2005) 1 ఎస్‌సీసీ 394’. ఇది సుప్రీంకోర్టు కేసెస్ అనే ఇంకో పత్రిక. 2005లో వచ్చిన మొదటి సంపుటం, 394వ పేజీ అని అర్థం. పైన చెప్పిన రెండూ ఒకే తీర్పు. ఇ.వి. చిన్నయ్య కేసులో ఆంధ్రప్రదేశ్ ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని కొట్టేసిన తీర్పు అది. ఒక ఇంటికి రెండు వాకిళ్లున్నట్టు ఒక తీర్పుకు రెండు మూడు సైటేషన్లు ఉంటాయి. వేరువేరు అంకెలు కనిపిస్తే వేరువేరు తీర్పులనుకోవద్దు.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. చిన్నయ్య తీర్పు చెప్పింది 2004 నవంబరు 5న. సైటేషన్‌లో ఉన్నది పుస్తకం సంవత్సరం. కర్ణాటకలో కొత్తగా వేసిన బోరు దగ్గర దళితులు నీళ్లు పట్టుకోకుండా తుపాకీ చూపించి అడ్డుకున్న అప్పా బాలు ఇంగలే కేసు తీర్పు 1992 డిసెంబరులో వచ్చింది. ఏఐఆర్‌లో అది 1993 ఎస్సీ 1126. ఎస్‌సీసీలో 1995 అనుబంధ సంపుటం (4), పేజీ 469. సంవత్సరాన్ని నమ్ముకొని వెతికితే ఆ తీర్పు దొరకదు.

అందుకే ఎవరైనా సైటేషన్ చెప్తే దాంతోపాటు మూడు విషయాలు రాసుకోవాలి: కక్షిదారుల పేర్లు, తీర్పు తేదీ, కేసు నంబరు. పుస్తకం మారితే పేజీ మారుతుంది గానీ ఇవి మారవు.

ఈ పుస్తకాలు కొనడం మనలాంటోళ్ల వల్ల కాదు. లా కాలేజీ లైబ్రరీలోనో, వకీలు ఆఫీసులోనో చూసుకోవాలి. 2023 నుంచి కొంత వెసులుబాటు దొరికింది. సుప్రీంకోర్టు తన అధికారిక రిపోర్టులను ఈ-ఎస్‌సీఆర్ పేరుతో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. తన తీర్పులకు తానే నంబర్లు వేయడం కూడా ఆ ఏడాదే మొదలుపెట్టింది. ‘2024 ఐఎన్‌ఎస్‌సీ 562’ అలాంటిదే. ఇందులో ఏ ప్రచురణకర్త పేరూ లేదు, పేజీ నంబరూ లేదు. అందుకే ఇలాంటి తీర్పు నుంచి ఉదహరించేటప్పుడు పేరా నంబరు రాయాలి.

తీర్పు దొరకగానే పని అయిపోలేదు. మొదట, ఎంతమంది జడ్జీల బెంచి అన్నది చూడాలి. రెండోది, పైన చిన్న అక్షరాల్లో ఉండే హెడ్‌నోట్ తీర్పు కాదు, అది సంపాదకులు రాసిన సారాంశం. లోపలికి పోయి చదవాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఆ తీర్పు ఇంకా బతికి ఉందా? చిన్నయ్య కేసులో చెప్పింది అయిదుగురు జడ్జీలు. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురి బెంచి, ఆరుగురి మెజారిటీతో, ఆ తీర్పు చెల్లదంది. పైన రాసిన 562 నంబరు దానిదే. వర్గీకరణ మీద ఎవరిది ఏ పక్షమైనా పాత సైటేషన్ చూపించి వాదిస్తే ఇక నిలవదు.

ఇప్పుడు ఠాణాలో విన్న మాట దగ్గరికి వద్దాం. అది వట్టి అబద్ధం కాదు, చచ్చిన తీర్పు. సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసు, (2018) 6 ఎస్‌సీసీ 454. 2018 మార్చి 20న ఇద్దరు జడ్జీలు చెప్పారు. దాని మీద ఏప్రిల్ 2న దళితులు భారత్ బంద్ చేశారు, ప్రాణాలు పోయాయి. ఆ ఏడాదే పార్లమెంటు చట్టంలో 18ఎ సెక్షన్ చేర్చింది. దాని ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదు, అరెస్టుకు ముందస్తు అనుమతీ అక్కర్లేదు. 2019 అక్టోబరు 1న ముగ్గురు జడ్జీల బెంచి ఆ విచారణ, అనుమతి ఆదేశాలను వెనక్కి తీసుకుంది: (2020) 4 ఎస్‌సీసీ 761. 18ఎ చెల్లుతుందని 2020 ఫిబ్రవరిలో పృథ్వీరాజ్ చౌహాన్ కేసులో తేల్చారు: అదే సంపుటం, పేజీ 727. అయితే ఫిర్యాదులో ప్రాథమికంగా నేరమే కనబడకపోతే ముందస్తు బెయిలు ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది. మనకు నచ్చని ముక్కను దాచిపెట్టి చదివితే అవతలి వకీలు దాన్నే బయటికి తీస్తాడు. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడే ఎవరు, ఎక్కడ, ఏమన్నారు, ఎవరి ముందు అన్నది వివరంగా రాయించాలి.

చివరగా ఒక మాట. ఈ పుస్తకాలకెక్కేవి పెద్ద కోర్టుల తీర్పులే. మనవాళ్ల కేసులు చాలావరకు జిల్లాలో, ప్రత్యేక కోర్టులోనే ముగిసిపోతాయి. వాటికి సైటేషన్ ఉండదు. ఈ-కోర్ట్స్‌లో ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది, దాంతో వెతకొచ్చు. పాతవైతే కోర్టులో దరఖాస్తు పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. ఏ కేసు ఎందుకు కొట్టేశారో ఆ కాయితాల్లోనే ఉంటుంది. వాటిని ఊరూరా సేకరించి భద్రం చేసే పని మనదే, ఏ రిపోర్టరూ మనకోసం చెయ్యడు.

ఈసారి ఠాణాలో ‘సుప్రీంకోర్టు చెప్పింది’ అంటే వెనక్కి రావద్దు. ‘సైటేషన్ చెప్పండి సార్, రాసుకుంటాం’ అని కలం తీయండి.