జీపు మీద కమ్మి ఎందుకు?

పోలీసు జీపు ఊళ్ళోకి వస్తుంది. దాని కప్పు మీద సన్నటి కమ్మి ఒకటి నిలబడి ఉంటుంది. జీపు కదిలితే అదీ ఊగుతుంది. పిల్లలు దాన్ని చూసి తోక అంటారు. అది తోక కాదు. దాన్ని యాంటెనా అంటారు. కొందరు ఏరియల్ అంటారు. జీపులో వైర్‌లెస్ సెట్టు ఉంటుంది. ఆ సెట్టుకు ఈ కమ్మే నోరు, ఈ కమ్మే చెవి.

ఇప్పుడు బండ్లు మారాయి. పాత జీపుల చోట బొలెరోలు, స్కార్పియోలు, ఇన్నోవాలు వచ్చాయి. తుఫాను సాయానికి వచ్చే బండ్లు కూడా ఇలాంటి పెద్దవే. బండి మారినా కమ్మి పోలేదు.

"అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా, ఇంకా ఈ కమ్మి దేనికి?" అని ఎవరికైనా అనిపిస్తుంది. మంచి ప్రశ్నే.

సెల్‌ఫోన్‌లో మాట్లాడితే ఆ మాట నేరుగా అవతలి ఫోనుకు పోదు. ముందు టవరుకు పోతుంది. అక్కడి నుంచి ఇంకో టవరుకు పోతుంది. ఆ తర్వాతే అవతలి మనిషికి చేరుతుంది. టవరు నడవాలంటే కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీల మీద, డీజిల్ మీద కొన్ని గంటలు నడుస్తుంది. అవి కూడా అయిపోతే టవరు ఆగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. స్తంభాలు విరిగాయి. కరెంటు పోయింది. సెల్‌ఫోన్లు మూగబోయాయి. అంత పెద్ద పట్నంలో అయినవాళ్ళ క్షేమం తెలియక జనం అల్లాడిపోయారు.

అంతకు ముందు 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేల మంది చనిపోయారు. తీగలు తెగాయి. రోడ్లు మునిగాయి. ఏ ఊరు ఉందో, ఏ ఊరు పోయిందో బయటివారికి తెలియడానికే రోజులు పట్టింది.

వైర్‌లెస్ సెట్టుకు సెల్ టవరుతో పని లేదు. దగ్గరలో ఉన్న రెండు సెట్లు గాలిలో నేరుగా మాట్లాడుకుంటాయి. బండి బ్యాటరీ ఉంటే చాలు. అందుకే అన్నీ ఆగిపోయిన రోజున కూడా జీపులో మాట వినిపిస్తుంది. అయితే ఒక షరతు ఉంది. సెట్టునూ కమ్మినీ సరిగ్గా బిగించి ఉండాలి. ఖరీదైన సెట్టు కొని, పని తెలియని చేత బిగించారంటే, తుఫాను రోజున అది బొమ్మలాగా ఉండిపోతుంది.

ఎలా మాట్లాడతారు?

సెట్టు చిన్న పెట్టె. సుమారు ఒక టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దానికి చుట్టలు తిరిగిన తీగతో ఒక మైకు ఉంటుంది. మైకుకు పక్కన మీట ఉంటుంది. మీట నొక్కితే మన మాట పోతుంది. వదిలితే అవతలి మాట వస్తుంది. రెండూ ఒకేసారి కావు. అందుకే మాట అయిపోగానే "ఓవర్" అంటారు. ఇక మీ వంతు అని దాని అర్థం.

"కంట్రోల్, కంట్రోల్. ఇది జీపు రెండు. ఓవర్."

"జీపు రెండు, చెప్పండి. ఓవర్."

"కాలవ గట్టు తెగింది. బడిలో అరవై మంది ఉన్నారు. ఒక బాలింత ఉంది. పడవ కావాలి. ఓవర్."

ఇంత చిన్నగా మాట్లాడతారు. కుశల ప్రశ్నలు ఉండవు. ఒకరు మీట నొక్కి ఉంచితే అదే దారిలో మిగతావాళ్ళ మాట పోదు మరి.

కమ్మి ఎక్కడ పెట్టాలి?

లాంతరును నేల మీద గాదె వెనక పెడితే వెలుగు ఆ మూలకే ఉంటుంది. అదే లాంతరును దూలానికి తగిలిస్తే ఇల్లంతా వెలుగే. కమ్మి కూడా అంతే. ఎంత ఎత్తున ఉంటే మాట అంత దూరం పోతుంది. కాబట్టి బండి మీద అన్నిటికంటే ఎత్తయిన చోటు, అంటే కప్పు, దానికి మంచిది.

కప్పు మీద కూడా సరిగ్గా మధ్యలో పెట్టాలి. దీనికి ఇంకో కారణం ఉంది. కమ్మి ఒక్కటే పని చేయదు. దాని కింద ఉన్న ఇనుప రేకు కూడా పని చేస్తుంది. రెండు చేతులూ కలిస్తేనే కదా చప్పట్లు. కమ్మి ఒక చెయ్యి అయితే, కప్పు రేకు రెండో చెయ్యి. కమ్మి మధ్యలో ఉంటే నాలుగు వైపులా రేకు సమానంగా ఉంటుంది. మాట నాలుగు వైపులా సమానంగా పోతుంది. వెనక మూలన పెడితే, రేకు ఎక్కువ ఉన్న వైపుకు మాట బలంగా పోతుంది. మిగతా వైపులకు నీరసిస్తుంది.

పాత జీపులకు కొన్నిటికి గుడ్డ టాపు ఉండేది. గుడ్డ మీద కమ్మి నిలిచినా పని చేయదు. అలాంటి జీపులకు ముందు చక్రం పైన ఉండే మడ్‌గార్డు మీద కమ్మి పెట్టేవారు. అక్కడ రేకు ఉంటుంది కాబట్టి.

కమ్మి పొడవు కూడా ఇష్టం వచ్చినట్టు ఉండదు. మాట గాలిలో అలలుగా పోతుంది. చెరువులో రాయి వేస్తే అలలు వస్తాయి కదా, అలాంటివే. కంటికి మాత్రం కనిపించవు. పోలీసు సెట్లలో ఎక్కువగా వాడే అలకూ అలకూ మధ్య దూరం దగ్గర దగ్గర 2 మీటర్లు ఉంటుంది. కమ్మి అందులో నాలుగో వంతు ఉండాలి. అంటే అర మీటరు. మన కొలతలో మూర కంటే కాస్త ఎక్కువ. కమ్మిని బిగించాక మీటరు పెట్టి చూసి, అవసరమైతే కొసను కొద్దికొద్దిగా కత్తిరిస్తారు. కొలత తప్పితే సెట్టు పంపిన శక్తి బయటికి పోకుండా, గోడకు కొట్టిన బంతిలాగా సెట్టు మీదికే తిరిగి వస్తుంది. సెట్టు వేడెక్కుతుంది. అసలు కమ్మి తగిలించకుండానే మీట నొక్కితే సెట్టు కాలిపోవచ్చు. తెలిసినవాళ్ళు ఆ పని ఎప్పుడూ చేయరు.

కమ్మిని నిలబెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి కప్పుకు చిన్న రంధ్రం చేసి బిగించడం. రెండోది అయస్కాంతం ఉన్న దిమ్మను కప్పు మీద అంటించడం. కొత్త బండికి రంధ్రమా అని చాలామందికి మనసు ఒప్పదు. అందుకే అయస్కాంతం వైపు మొగ్గుతారు. నాలుగు రోజుల పనికి అది బాగానే ఉంటుంది. కానీ తుఫానులో తిరిగే బండికి రంధ్రమే మేలు. చెట్టు కొమ్మ తగిలితే అయస్కాంతం దిమ్మ ఊడి పడుతుంది. రంధ్రం చుట్టూ రబ్బరు వాషర్ వేసి గట్టిగా బిగిస్తే నీళ్ళు కారవు. కుక్కరు మూతకు రబ్బరు ఎలాగో ఇదీ అలాగే. రబ్బరు ఎండి పగిలితే మార్చాలి.

కమ్మి నుంచి సెట్టుకు ఒక నల్లటి తీగ వస్తుంది. దీన్ని కేబుల్ అంటారు. టీవీ కేబుల్ లాంటిదే. మధ్యలో రాగి తీగ ఉంటుంది. దాని మీద తెల్లటి తొడుగు. దాని మీద జల్లెడలాగా అల్లిన తీగలు. అన్నిటికీ పైన నల్ల తొడుగు. ఈ కేబుల్‌ను తలుపు సందులో నలగనివ్వకూడదు. రోజూ తలుపు వేసినప్పుడల్లా నలిగితే లోపలి అల్లిక తెగుతుంది. పైకి ఏమీ కనిపించదు. మాట మాత్రం పోదు. కేబుల్ కొసలోకి వాన నీరు దిగినా అంతే.

కరెంటు దగ్గర జాగ్రత్త

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇక్కడే. మాట పోకపోతే మళ్ళీ బిగించుకోవచ్చు. నిప్పు అంటుకుంటే బండే పోతుంది.

బండి బ్యాటరీ 12 వోల్టులది. దాన్ని ముట్టుకుంటే షాక్ కొట్టదు. కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. అది పొరపాటు. బ్యాటరీ ఎర్ర వైరు తొడుగు ఊడి బండి ఇనుముకు తగిలిందంటే, క్షణంలో వైరు ఎర్రగా కాలుతుంది. పక్కనే డీజిల్ గొట్టాలు ఉంటాయి.

అందుకే ఎర్ర వైరుకు ఫ్యూజు పెడతారు. ఫ్యూజును సెట్టు దగ్గర కాకుండా బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. ఎందుకంటే వైరు రాసుకునేది మధ్య దారిలో. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉంటే, మధ్యలో ఎక్కడ తగిలినా అది ముందే తెగిపోయి కరెంటు ఆపుతుంది. సెట్టు దగ్గర ఉంటే మధ్య వైరుకు కాపలా ఎవరు?

ఇంజను నుంచి లోపలికి వైరు ఒక రేకు గోడను దాటి రావాలి. ఆ రేకు రంధ్రం అంచు కత్తిలా ఉంటుంది. బండి కుదుపులకు వైరు రోజూ రాసుకుని తెగుతుంది. అక్కడ ఒక రబ్బరు బిళ్ళ పెడితే చాలు. చాలా తక్కువ ఖరీదు వస్తువు. దాన్ని మరచిపోయే మెకానిక్కులే ఎక్కువ.

వైరు లావుగా ఉండాలి. సన్న గొట్టంలో నీళ్ళు సన్నగా వస్తాయి. సన్న వైరులో కరెంటూ అంతే. మామూలు 25 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు, ముందు లైటు బల్బు ఒకటి తినేంత కరెంటు తింటుంది. వినేటప్పుడు చాలా తక్కువ. కాబట్టి ఇంజను ఆపి ఉంచినా గంటల తరబడి వినవచ్చు. అయినా బ్యాటరీ పూర్తిగా దిగకుండా మధ్య మధ్య ఇంజను వేస్తారు. సెల్‌ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే చోట సెట్టు వైరు గుచ్చకూడదు. అక్కడి వైర్లు ఇంత బరువుకు చాలవు. పైగా ఇంజను రొద సెట్టులో కుయ్‌మని వినిపిస్తుంది.

సెట్టును డ్రైవరుకు చెయ్యి అందే చోట బిగిస్తారు. కాలికి అడ్డం రాకూడదు. కొత్త బండ్లలో ఎయిర్ బ్యాగులు ఉంటాయి. గుద్దుకున్నప్పుడు అవి ఒక్కసారిగా ఉబ్బి బయటికి వస్తాయి. వాటి ముందు సెట్టు గానీ మైకు గానీ ఉంటే ఎగిరి మొహానికి తగులుతుంది.

కొన్ని బండ్లలో రెండు సెట్లు ఉంటాయి. ఒకటి దగ్గరి మాటలకు. రెండోది వందల కిలోమీటర్లు పోయే సెట్టు. దాని కమ్మి నిలువెత్తు ఉంటుంది. రెండు కమ్ముల మధ్య వీలైనంత ఎడం ఉంచాలి. లేకపోతే ఒకటి మాట్లాడేటప్పుడు రెండోదానికి చెవులు గింగురుమంటాయి.

మాట ఎంత దూరం పోతుంది?

చేతిలో పట్టుకునే వాకీటాకీ అయితే ఊళ్ళల్లో, చెట్ల మధ్య నాలుగైదు కిలోమీటర్లు పోతే గొప్ప. అదే జీపు కప్పు మీద కమ్మి ఉండి, అవతల స్టేషనులో 30 మీటర్ల స్తంభం ఉంటే, చదునైన నేల మీద సుమారు పాతిక కిలోమీటర్లు పోతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఆపైన వంపు అడ్డొస్తుంది. ఇంకా దూరం కావాలంటే కొండ మీద రిపీటర్ అనే యంత్రం పెడతారు. అది కింది మాటను విని, తిరిగి గట్టిగా చెబుతుంది. అయితే దానికీ కరెంటు కావాలి. అది ఆగినా రెండు జీపులు దగ్గరగా ఉంటే నేరుగా మాట్లాడుకోగలవు.

ప్రభుత్వ సెట్లే కాదు. హామ్ రేడియో అని ఇంకోటి ఉంది. పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్న మామూలు మనుషులు నడిపే రేడియో ఇది. 12 ఏళ్ళు నిండితే పరీక్ష రాయవచ్చు. లైసెన్సు లేకుండా ఇలాంటి సెట్టు వాడితే నేరం.

2004 డిసెంబరులో భారతి ప్రసాద్ అనే మహిళ హామ్ బృందంతో అండమాన్ దీవులకు వెళ్ళారు. పోర్ట్ బ్లెయిర్‌లో సెట్లూ యాంటెనాలూ పెట్టుకున్నారు. డిసెంబరు 26 ఉదయం భూమి కదిలింది. తర్వాత సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. ఆమె సెట్టు మాత్రం పలికింది. దీవుల్లో ఎవరు బతికున్నారో ఆ సెట్ల ద్వారానే ఎందరో బంధువులకు తెలిసింది. ఆమె అక్కడికి వెళ్ళింది సరదాగా దేశదేశాల వారితో రేడియోలో మాట్లాడడానికి. చేయవలసి వచ్చింది వేరే పని.

మన తీరానికి అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానులు ఎక్కువ. కాబట్టి సెప్టెంబరులోనే బండ్లన్నీ ఒకసారి చూసుకోవడం మంచిది. కమ్మి మొదట్లో తుప్పు ఉందా, రబ్బరు పగిలిందా, కేబుల్ ఎక్కడైనా నలిగిందా, ఫ్యూజు బిగువుగా ఉందా చూడాలి. బ్యాటరీ మీద తెల్లటి బూజులాంటిది పేరుకుంటే, వైర్లు విప్పి వేడి నీళ్ళతో కడిగి ఆరనివ్వాలి. తర్వాత ఊరి చివరిదాకా బండి తీసుకుపోయి, మీట నొక్కి అడగాలి.

"కంట్రోల్, ఇది జీపు రెండు. నా మాట ఎలా వినిపిస్తోంది? ఓవర్."