కచ్చా మట్టి – పక్కా బడి

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుదురు. ఆ రెండింటికి “బడి కట్టి చూడు” అను మూడవదానిని చేర్చవలెనని మాకు తోచుచున్నది. ఇల్లు కట్టినవాడు తన ఇంటివారికి మాత్రమే జవాబు చెప్పుకొనును. బడి కట్టినవాడు కొన్ని తరముల పసిపిల్లలకు జవాబుదారి యగును.

మేము అక్షరములు దిద్దిన పాఠశాలకు రేకుల కప్పు ఉండెడిది. శివరాత్రి దాటినదో లేదో ఆ గదులు పెనమువలె కాగెడివి. వానకాలమున రేకులపై చినుకుల మోత మొదలైనంతనే పంతులుగారు పాఠము నాపి, సుద్దముక్కను బల్లపై పెట్టి, కిటికీవైపు చూచుచు నిలువబడెడివారు. ఎండకు కొంత, వానకు కొంత మా చదువు పోయెడిది. నేటికిని మన తెలుగు రాష్ట్రములలో మార్చి నెల నడిమినుండి ఒంటిపూట బడులు నడుచుచున్నవి. అనగా ఎండ ప్రతియేట మన పిల్లలనుండి ఒక పూట చదువును లాగికొనుచున్నదన్నమాట. కావున బడి కట్టడము తాపీమేస్త్రీకి ఎంత సంబంధించినదో, ఉపాధ్యాయునకును అంత సంబంధించినది.

భాషను బోధించువారము గనుక మాటలతోనే ప్రారంభింతుము. తెలుగున ‘మట్టి’, ఉర్దూలో ‘మిట్టీ’ ఒకే తల్లి బిడ్డలు. సంస్కృత ‘మృత్తిక’ నుండి ప్రాకృతము మీదుగా వచ్చినవి. ‘కచ్చా’, ‘పక్కా’ అను మాటలను మనము ఉర్దూనుండి గ్రహించితిమి. కచ్చా అనగా పచ్చిది; పక్కా అనగా పండినది, కాలినది. మట్టి ఇల్లు కచ్చా యనియు, సిమెంటు ఇల్లు పక్కా యనియు మనము తీర్పు చెప్పికొంటిమి. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో తెలిసికొనుటకు ఆఫ్రికా ఖండములోని ఒక పల్లెకు పోవుదము.

పశ్చిమాఫ్రికాలో బుర్కినా ఫాసో అను దేశము కలదు. 1960 వరకు అది ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1984 వరకు దాని పేరు అప్పర్ వోల్టా. ఆ దేశములోని గాండో గ్రామమున, ఊరిపెద్దకు జ్యేష్ఠపుత్రులుగా 1965లో ఫ్రాన్సిస్ కెరె జన్మించిరి. ఊరిలో బడి లేదు. అందుచే ఏడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి టెన్‌కోడోగో పట్టణమునకు పోవలసివచ్చెను. అక్కడ నూరుమందికి పైగా పిల్లలు కిక్కిరిసిన సిమెంటు గది. గాలి చాలదు, వెలుతురు చాలదు. ఆ ఉక్కపోత ఆయన మనస్సున నిలిచిపోయెను.

1985లో వడ్రంగము నేర్చుటకు ఉపకారవేతనముపై ఆయన జర్మనీకి వెళ్లిరి. పిమ్మట బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయమున వాస్తుశిల్పము చదువుచు, ఇంకను విద్యార్థిగా నున్నప్పుడే, తన ఊరి బడికై ధనము కూర్చుటకు 1998లో ఒక సంస్థను స్థాపించిరి. 2001లో బడి పూర్తియయ్యెను. 2004లో దానికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారము లభించెను. ఆయన విశ్వవిద్యాలయ పట్టమును పుచ్చుకొన్నదియు ఆ సంవత్సరమే. 2022లో వాస్తుశిల్పులకు పరమ గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతిని పొందిన తొలి ఆఫ్రికా ఖండవాసి ఆయనయే.

అయితే మొదటి అడ్డంకి ఊరివారి మనస్సులలోనే ఎదురయ్యెను. ప్రతి వానకాలమున తమ మట్టిగోడలు కరగుటయు, మరల మెత్తుకొనుటయు వారి అనుభవము. విదేశమున చదివినవాడు కాంక్రీటు, గాజు తెచ్చునని ఆశించినవారికి ‘మట్టితోనే కట్టుదము’ అన్నమాట రుచించలేదు. కెరె వారిని ఒప్పించుటకు చాల శ్రమపడవలసివచ్చెను. వారి సందేహమునకు సమాధానము ఆ కట్టడములోనే కలదు.

ముందుగా గోడలు. ఊరి మట్టిలో కొద్దిపాళ్లు సిమెంటు కలిపి, చేతియంత్రముతో అచ్చున గట్టిగా అదిమి ఇటుకలు చేసిరి. వానిని బట్టీలో కాల్చలేదు. నీడన ఆరబెట్టిన చాలును. ఇట్టి మందపు గోడ ఎండను మెల్లగా పీల్చుకొని, మెల్లగా విడుచును. మన పాత మట్టిమిద్దెలు మధ్యాహ్నమున చల్లగా నుండుటకు కారణమిదియే.

తరువాత కప్పు. కాంక్రీటు దూలములపై ఇనుపకడ్డీలు పరచి, వానిపై మట్టి ఇటుకలనే సందులు విడిచి పేర్చిరి. ఇది లోకప్పు. దానికి పైన, సన్నని ఇనుపకడ్డీలను అతికించి చేసిన చట్రముపై రేకుల కప్పును ఎత్తి నిలిపిరి. రెండు కప్పుల నడుమ గాలి స్వేచ్ఛగా వీచును. గదిలోని వేడిగాలి తేలికయై పైకెగసి లోకప్పు సందులగుండా వెలుపలికి పోవును. దాని చోటికి కిటికీలనుండి చల్లని గాలి వచ్చి చేరును. పంకా లేదు, కరెంటు ఖర్చు లేదు. మేము చదివిన బడికిని రేకులే, ఈ బడికిని రేకులే. భేదమెల్ల రేకునకును పిల్లల తలలకును నడుమ నున్న ఆ ఖాళీలో కలదు.

ఆ పైకప్పు గోడలను దాటి చాలదూరము ముందుకు వచ్చును. ఆ పొడవైన చూరు గోడపై ఎండ పడనీయదు, వాన కొట్టనీయదు. ఊరివారి భయమునకు ఇదియే జవాబు. మూడు గదులు ఒకే వరుసలో నుండును. గదికి గదికి నడుమ కప్పుగల వసారాలు. అవి ఆటకును, పాఠమునకును ఉపయోగపడును.

ఈ పనికి క్రేనులు రాలేదు. చేతిరంపముతో కడ్డీలు కోయుట, చిన్న యంత్రముతో అతుకుట గ్రామస్థులకు నేర్పబడెను. పునాదికై పిల్లలు రాళ్లు తెచ్చిరి. స్త్రీలు నీళ్లు మోసిరి. బడి లేచునాటికి ఊరిలో పనివారును తయారైరి. తరువాత ఉపాధ్యాయుల నివాసములు 2004లో, బడి విస్తరణ 2008లో పూర్తియయ్యెను.

మట్టి ఒక్కటియే చాలునా? ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్హీ 1940ల దశకమున లక్సర్ చెంత న్యూ గూర్నా అను గ్రామమును పచ్చి ఇటుకలతో మనోహరముగా నిర్మించిరి. కాని పాత ఊరిని విడుచుటకు జనము ఇష్టపడకపోవుటచే ఆ గ్రామము అనుకొన్నట్లు నిండలేదు. గాండోలో బడి కావలెనన్న కోరిక ఊరివారిది, చెమటయు వారిదే. ఆ రెండు ఊళ్ల కథలను ప్రక్కప్రక్కన చదివినచో శిల్పశాస్త్రము చెప్పని పాఠము మనకు దొరకును.

ఇక మన మాట. సిమెంటు తయారీకి సున్నపురాతిని సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చవలెను. ప్రపంచమున వెలువడు బొగ్గుపులుసు వాయువులో 7, 8 శాతము ఈ పరిశ్రమదే. ఇటుకబట్టీలు పొలముల మేలిమన్నును మింగుచున్నవి. మన దేశమున అదిమిన మట్టి ఇటుకలపై పరిశోధన క్రొత్తది కాదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఏర్పడిన ‘అస్త్ర’ విభాగము ఈ కృషి చేసెను.

అయినను గాండో బడిని ఉన్నదున్నట్లు తెచ్చి మన ఊళ్లలో దింపరాదు. ఎర్రమన్ను ఇట్టి ఇటుకకు అనుకూలము. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును. దానిని తగిన విధమున బాగుచేయనిదే వాడరాదు. తుపానులు వచ్చు కోస్తా తీరమున ఎత్తైన రేకుకప్పును గాలి పెకలింపవచ్చును. వరదనీరు నిలుచు చోట మట్టిగోడ నిలువదు. అనుకరింపవలసినది ఆ బడి రూపమును కాదు, దానిని కట్టకముందు వేసికొన్న ప్రశ్నలను: ఎండ ఏ వైపునుండి పడును? గాలి ఏ వైపునుండి వీచును? మన కాళ్లక్రింద ఏ మట్టి కలదు? మన ఊరిలో ఏ పని తెలిసిన చేతులు కలవు?

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు ఉపాధ్యాయులగుదురు, కొందరు తల్లిదండ్రులుగా బడి సమావేశములలో కూర్చుందురు. క్రొత్త గది మంజూరైనదని విన్ననాడు ‘రేకులా, స్లాబా’ అని మాత్రమే అడిగి ఊరకుండకుడు. ఆ నాలుగు ప్రశ్నలును అడుగుడు. వేసవి మధ్యాహ్నమున కూడ పిల్లవాడు చెమట తుడుచుకొనక ఎక్కము అప్పగింపగలిగినచో, ఆ బడి దేనితో కట్టినదైనను మేము దానినే పక్కా యందుము.