గోధుమ, పాలు లేని తీపి: పట్టు ఎక్కడిది?

పూర్ణం బూరె, బొబ్బట్టు రెండింటి లోపలా ఉండేది ఒకటే: ఉడికించిన శనగపప్పు, బెల్లం, ఏలకులు. తేడా అంతా పైపూతలోనే. బూరెకు మినపప్పు, బియ్యం రుబ్బిన తోపు పిండి చాలు. బొబ్బట్టుకు మైదా, పైన నెయ్యి కావాలి. ఇంట్లో ఒకరికి గోధుమ పడదు, మరొకరికి పాల అలెర్జీ ఉందనుకోండి. పూర్ణంలో నెయ్యి కలపకుండా, కొత్త నూనెలో వేయించిన బూరెను ఇద్దరూ తినవచ్చు. బొబ్బట్టును ఇద్దరూ ముట్టకూడదు. పిండివంటల్లో దేన్ని ఉంచాలి, దేన్ని మార్చాలి అన్నది తేలాలంటే గోధుమ, పాలు వాటిలో ఏ పని చేస్తున్నాయో ముందు తెలియాలి.

పడకపోవడంలో రకాలు

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని ప్రోటీన్లకు కలిపి గ్లూటెన్ అని పేరు. ఇది మనకు పూర్తిగా జీర్ణం కాదు. జన్యుపరంగా ఆ అవకాశం ఉన్న కొందరిలో ఈ అరగని ముక్కలను చూసి రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయి, చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. ఇదే సీలియాక్ వ్యాధి. నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం డికె ఈ జబ్బుకు గోధుమతో ఉన్న సంబంధాన్ని గుర్తించి, 1950లో తన పరిశోధన గ్రంథంలో వివరించారు. దీనికి ఇప్పటికీ జీవితాంతం గ్లూటెన్ మానేయడమే చికిత్స.

పాల సంగతి వేరు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైమ్ చాలామందిలో బాల్యం దాటాక తగ్గిపోతుంది. అలాంటివారికి పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు వస్తాయి. ప్రాణాపాయం ఉండదు. పాల ప్రోటీన్లకు అలెర్జీ అయితే దద్దుర్లతో మొదలై ఊపిరాడని స్థితి దాకా పోవచ్చు.

నెయ్యి వేయవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. బాగా కాచిన నేతిలో లాక్టోజ్ దాదాపు ఉండదు కాబట్టి లాక్టోజ్ అరగనివారికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. ప్రోటీన్ జాడలు మాత్రం మిగలవచ్చు కాబట్టి అలెర్జీ ఉన్నవారికి నెయ్యి పెట్టకూడదు.

గోధుమ చేసే పని, బియ్యం చేసే పని

గోధుమ పిండిలో నీళ్లు పోసి మర్దిస్తే గ్లయడిన్, గ్లూటెనిన్ అనే ప్రోటీన్లు ఒకదానికొకటి అల్లుకుని సాగే వలలా తయారవుతాయి. బొబ్బట్టు చిరగకుండా పలచగా సాగడానికీ, కేకు గాలిని పట్టి ఉంచి పొంగడానికీ ఆ వలే కారణం. బియ్యం, జొన్న, రాగి, కొర్రల్లో అలాంటి ప్రోటీన్లు లేవు. చన్నీళ్లతో కలిపిన బియ్యప్పిండి విరుగుతుందే తప్ప సాగదు.

అయితే బియ్యానికి మరో బలం ఉంది, అది పిండిపదార్థం. వేడి సుమారు 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి దాని రేణువులు నీటిని పీల్చి ఉబ్బి జిగురవుతాయి. ఉండ్రాళ్లకు బియ్యప్పిండిని మరిగే నీళ్లలో పోసి ఉక్కిరి చేసేది ఈ జిగురు కోసమే.

అరిసెల్లో జరిగేదీ అదే. బియ్యం నానబెట్టి, తడి ఆరకముందే పిండి పట్టిస్తాం. ఆ తడి, పాకం వేడి కలిసి రేణువుల్లో కొంత భాగాన్ని ఉడికిస్తాయి. పొడి పిండి వాడితే అది పాకంలోని నీటిని లాగేసుకుంటుంది, అరిసె అంచులు పగులుతాయి. పాకం చుక్కను నీళ్లలో వేసినప్పుడు మెత్తని ఉండ కట్టిందంటే వేడి 115 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నట్టు. లేత పాకమైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది.

కేకుకు ఈ జిగురు ఒక్కటే చాలదు, గాలిని నిలిపే బంధం కూడా కావాలి. అవిసె గింజల పొడిని మూడింతల నీళ్లలో కాసేపు నానబెడితే బంక వస్తుంది. దానిని గానీ, చెంచాడు ఇసబ్‌గోల్ పొట్టును గానీ బియ్యప్పిండి, జొన్నపిండి మిశ్రమంలో కలిపితే కేకు పొడిపొడిగా రాలదు.

పాల స్థానంలో ఏమిటి?

మిఠాయికి పాలు ఇచ్చేది ముఖ్యంగా కొవ్వు, చిక్కదనం. ఈ రెండూ కొబ్బరిపాలలో ఉన్నాయి. పాయసంలో మొదట పలచటి పాలతో బియ్యాన్ని ఉడికించి, బెల్లం కరిగాక, చివర్లో చిక్కటి పాలు పోసి వెంటనే దించేయాలి. తెర్లనిస్తే కొబ్బరిపాలలో కొవ్వును పట్టి ఉంచే ప్రోటీన్లు గడ్డకట్టి నూనె తేలుతుంది.

సున్నుండలో నెయ్యి చేసే పని పొడిని ఉండ కట్టించడం. దాని బదులు మెత్తగా నూరిన జీడిపప్పు, కరిగించిన కొబ్బరినూనె వాడవచ్చు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది కాబట్టి చలికాలంలో ఉండ గట్టిగా నిలుస్తుంది. నువ్వుండలకు, పల్లీ ఉండలకు ఈ బెడదే లేదు, బెల్లం పాకమే పట్టు ఇస్తుంది.

కనిపించని గోధుమ

సీలియాక్ ఉన్న ఇంట్లో ప్రమాదం వంటకంలో కంటే దాని పదార్థాలు వచ్చే దారిలో ఎక్కువగా ఉంటుంది. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉన్న పదార్థాన్ని గ్లూటెన్ రహితమని అమ్మకూడదు. ఒక చిన్న చెంచా మైదా, అంటే రెండున్నర గ్రాములు, కిలో బియ్యప్పిండిలో కలిసిందనుకుందాం. అందులో సుమారు 200 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే పరిమితికి పదింతలు. గోధుమలు ఆడిన మరలోనే బియ్యం పట్టిస్తే అంతమాత్రం కలవడం కష్టమేమీ కాదు. అందుకే బియ్యాన్ని ఇంట్లోనే మిక్సీలో పట్టి జల్లించుకోవడం మేలు, జల్లెడ కూడా వేరుగా ఉండాలి. గవ్వలు, కజ్జికాయలు వేయించిన నూనెలో అరిసెలు వేయకూడదు. బొంబాయి రవ్వ గోధుమదే. సేమియా కూడా చాలావరకు గోధుమదే కాబట్టి పొట్లం మీద చదివి కొనాలి.

చివరిగా ఒక మాట. గోధుమ మానేస్తే హాయిగా ఉందని కొందరు పరీక్షకు ముందే మానేస్తారు. అలా చేస్తే సీలియాక్‌ను గుర్తించే రక్తపరీక్ష తప్పుగా 'లేదు' అని చెప్పే వీలుంది. అనుమానం ఉంటే మామూలు భోజనం చేస్తూనే వైద్యుణ్ణి కలిసి పరీక్ష చేయించుకోండి. జబ్బు ఉందని తేలితే తోబుట్టువులకు, పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా చేయించండి, వారికి వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. వంటింట్లో మార్పులు ఆ తరువాతే మొదలుపెట్టండి.