మిఠాయి కార్ఖానాలో పెరిగిన ఛాంపియన్

థాయ్‌లాండ్ అనగానే మనవాళ్ళకి బ్యాంకాక్ షాపింగూ, పటాయా బీచ్‌లే గుర్తొస్తాయి. అక్కడ రోజూ పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఆరింటికి జాతీయగీతం వినపడగానే రైల్వే స్టేషన్లలో, పార్కుల్లో జనం ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోతారు. మన సంక్రాంతి మాటే అక్కడ సోంగ్‌క్రాన్ అయ్యి, ఏప్రిల్ 13న నీళ్ళు చల్లుకునే కొత్త సంవత్సరంగా వస్తుంది. ఆటలంటారా? పిడికిలి, మోచెయ్యి, మోకాలు, కాలు అన్నీ వాడే మువాయ్ థాయ్. కాళ్ళతో, తలతో బంతిని నెట్ దాటించే సెపక్ తక్రా.

నాకు మాత్రం థాయ్‌లాండ్ అంటే బ్యాడ్మింటన్. షికాగో పక్కనున్న మా అరోరాకీ బ్యాంకాక్‌కీ వేసవిలో సరిగ్గా పన్నెండు గంటల తేడా. 2022 మే 15న అక్కడ థామస్ కప్ ఫైనల్ మొదలయ్యేసరికి మాకు అర్ధరాత్రి దాటింది. లక్ష్య సేన్ గెలిచాడు. మన అమలాపురం సాత్విక్, చిరాగ్ జోడీ గెలిచింది. మూడో మ్యాచ్‌లో శ్రీకాంత్ గెలవడంతో ఇండోనేషియా మీద 3-0తో తొలిసారి కప్పు మనదైంది. ఇంక నిద్రెక్కడ పడుతుంది? ఆతిథ్యమిచ్చిన దేశపు ఆటగాళ్ళ గురించి చదువుతూ కూర్చున్నాను. అలా రత్చనోక్ ఇంతనోన్ కథ దగ్గర ఆగిపోయాను.

రత్చనోక్ అమ్మానాన్నలు బ్యాంకాక్‌లో ఒక మిఠాయి కార్ఖానాలో కూలీలు. గుడ్డు పచ్చసొనని పాకంలో బొట్లుబొట్లుగా వేసి చేసే ‘థోంగ్ యోడ్’ అనే తీపి అక్కడ ప్రసిద్ధి. మరుగుతున్న పాకం గిన్నెల మధ్య పిల్ల పరిగెడుతుంటే ఎక్కడ ఒళ్ళు కాల్చుకుంటుందోనని యజమానురాలు కమలా థోంగ్‌కోర్న్‌కి భయం. తను నడిపే బాన్ థోంగ్ యోడ్ బ్యాడ్మింటన్ స్కూల్లోకి పంపి, చేతికి రాకెట్ ఇచ్చింది. అప్పటికి రత్చనోక్‌కి ఆరేళ్ళు.

ఆ పిల్ల 2009 నుంచి వరసగా మూడేళ్ళు ప్రపంచ జూనియర్ ఛాంపియన్. 2013లో, పద్దెనిమిదేళ్ళకే, ప్రపంచ ఛాంపియన్. ఆ టోర్నీ సెమీఫైనల్లో ఆమె చేతిలో ఓడింది ఎవరనుకున్నారు? మన సింధు! అదే స్కూలు నుంచి వచ్చిన కున్లావుత్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చాడు. బ్యాడ్మింటన్‌లో థాయ్‌లాండ్‌కి అదే తొలి ఒలింపిక్ పతకం.

మన దగ్గర గోపీచంద్ గారు ఇల్లు తాకట్టు పెట్టి గచ్చిబౌలి అకాడమీ కట్టిన సంగతి మీకు తెలిసిందే. స్థలం ప్రభుత్వమిచ్చింది, ఐదు కోట్లు నిమ్మగడ్డ ప్రసాద్ ఇచ్చారు. ఏ దేశంలోనైనా ముందు ఎవరో ఒకరు తలుపు తియ్యాలి.

హైదరాబాదులో మా అమ్మానాన్నలుండే అపార్ట్‌మెంట్స్‌లో మంచి కోర్టు ఉంది. మధ్యాహ్నాలు ఖాళీ. వాచ్‌మన్ కూతురు రోజూ జాలీ బయట నిలబడి చూస్తుందని అమ్మ చెప్పింది. లోపలికి రానివ్వరు, కోర్టు ఫ్లాట్లవాళ్ళకి మాత్రమేనట. రోజుకో గంట పనివాళ్ళ పిల్లలకివ్వమని అసోసియేషన్ మీటింగులో అడగమన్నాను. “ఒప్పుకోరురా,” అన్నారు నాన్న. రత్చనోక్ కథ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

“సరే, వచ్చే ఆదివారం మీటింగుంది, అడిగి చూస్తాను. రాకెట్లు నువ్వు పంపు,” అన్నారు.