చేపలలో ఆడ, మగ భేదము ఎట్లు నిర్ణయమగును?

గేదె ఈనిన వెంటనే పుట్టినది పెయ్యయా, దున్నయా అని ఇంటివారు చూచుదురు. ఆ సంగతి తెలియుటకు నిమిషమైనను పట్టదు. కాని హేచరీనుండి తెచ్చి చెరువులో వదలిన చేపపిల్ల ఆడదో మగదో ఎంత అనుభవము గల రైతైనను కంటితో చూచి చెప్పజాలడు. భీమవరము, ఆకివీడు, కైకలూరు ప్రాంతములలో శీలావతి, బొచ్చె చేపలను పెంచువారికి ఈ భేదముతో అంతగా పనిలేదు. తిలాపియాను, పండుగప్పను, నీలకంఠ రొయ్యను పెంచువారికి మాత్రము లాభనష్టములు చాలవరకు దీనిపైననే ఆధారపడియున్నవి. కావున చేపలలో లింగ నిర్ణయము ఎట్లు జరుగునో తెలిసికొనుట శాస్త్ర విద్యార్థులకే గాక రైతులకును అవసరము.

క్రోమోసోముల లెక్క

ప్రాణి శరీరములోని ప్రతి జీవకణమునందును క్రోమోసోములనబడు సన్నని పోగులవంటివి జతలుగా ఉండును. వంశ లక్షణములను మోయు జన్యువులు వీనిలో వరుసగా అమరియున్నవి. మనుష్యులలో 23 జతలు కలవు. అందొక జత లింగమునకు సంబంధించినది. స్త్రీలలో ఆ జతయందు రెండును ఎక్స్ క్రోమోసోములే. పురుషులలో ఒకటి ఎక్స్, రెండవది వై. తల్లి అండములన్నిటిలోను ఎక్స్ ఉండగా, తండ్రి శుక్రకణములలో సగము ఎక్స్‌ను, సగము వైను మోసికొని పోవును. అనగా బిడ్డ ఆడో మగో తేల్చునది తండ్రి శుక్రకణము.

పక్షులలో ఈ లెక్క తలక్రిందుగా నున్నది. కోడిపుంజులో రెండును ఒకే విధమైన జెడ్ క్రోమోసోములు. పెట్టలో ఒకటి జెడ్, మరియొకటి డబ్ల్యు. కావున సంక్రాంతి బరిలో దిగు పుంజు పుంజుగా పుట్టుటకు కారణము తండ్రి కాదు, తల్లి.

ఇక చేపల మాట. ముప్పదివేలకు మించిన చేపజాతులలో ఈ రెండు పద్ధతులును కలవు. అంతేకాదు, దగ్గరి బంధువులైన జాతులలో ఒకటి ఒక పద్ధతిని, రెండవది మరియొక పద్ధతిని అనుసరించుట కద్దు. దోమ పిల్లలను తినుటకై బావులలోను, కుంటలలోను వదలు గంబూసియా చేపల సంగతి చూడుడు. వీనిలో ఒక జాతియందు జెడ్–డబ్ల్యు పద్ధతియు, దాని సోదర జాతియందు ఎక్స్–వై పద్ధతియు ఉన్నవి. గాజుతొట్లలో పెంచు ప్లాటీ చేపలో ఎక్స్, వై, డబ్ల్యు అను మూడు విధముల క్రోమోసోములు ఒకే జాతిలో కనబడును.

మన శీలావతి, బొచ్చె చేపలలో క్రోమోసోముల సంఖ్య 50. సూక్ష్మదర్శినిలో ఎంత పరికించినను వీనిలో ఆడదానికిని మగదానికిని భేదము కనబడదు. మనుష్యులలో వై క్రోమోసోము మిక్కిలి పొట్టిదగుటచే దానిని సులభముగా గుర్తింపవచ్చును. పెక్కు చేపలలో మాత్రము లింగమును నిర్ణయించు క్రోమోసోము తన జంటను అచ్చముగా పోలియుండును.

ఒకే పని, వేరు వేరు చేతులు

క్షీరదములలో మగ లక్షణమును ఆరంభించు ఎస్.ఆర్.వై. అను జన్యువును శాస్త్రజ్ఞులు 1990లో గుర్తించిరి. అది చేపలలో లేదు. జపాను వరిమళ్లలో నివసించు మెదాకా అను చిన్న చేపలో ఈ పని చేయు జన్యువు వేరొకటియని 2002లో తేలెను. తరువాత రెయిన్‌బో ట్రౌటులో మరియొక జన్యువు బయటపడెను. అది పూర్వము రోగనిరోధమునకు సంబంధించిన జన్యువునుండి ఏర్పడినది. ఫుగూ అను విషపు చేపలోనైతే ఒక జన్యువునందలి ఒకే ఒక్క అక్షరపు మార్పు ఆడ, మగ భేదమునకు చాలినది. ఈ రెండును 2012లో వెల్లడియైనవి.

ఇన్ని జన్యువులు ఒకే పనిని ఎట్లు చేయగలవు? ధవళేశ్వరము ఆనకట్ట నుండి తూర్పు డెల్టాకును, పశ్చిమ డెల్టాకును కాలువలు పోవుచున్నవి. వచ్చు నీరు ఒక్కటే. ఏ తలుపు ఎత్తిన ఆ వైపునకు ప్రవహించును. తలుపెత్తు మనిషి ఎవడైనను కాలువ మారదు. చేపపిల్లలోని లేత బీజకోశము ఇట్టిదే. మొదట అది అండాశయమును కాదు, వృషణమును కాదు. ఆరోమటేజ్ అను ఎంజైము పని ఎక్కువైనచో ఈస్ట్రోజన్ హార్మోను తయారై అది అండాశయమగును. డి.ఎమ్.ఆర్.టి. 1 వంటి జన్యువుల పని ఎక్కువైనచో వృషణమగును. కాలువలు అన్ని జాతులలో ఇంచుమించు ఒక్కటే. తలుపెత్తు జన్యువు మాత్రము జాతికొకటి.

కొన్ని జాతులలో ఆ తలుపును నీటి వేడిమియు కదపగలదు. నైలునది తిలాపియా పిల్లలను తొలి దినములలో 36 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిగల నీటిలో ఉంచినచో, ఆడవి కావలసిన వానిలో కొన్ని మగవిగా ఎదుగును. జన్యువుల ఆజ్ఞ చేపలలో అంత కఠినమైనది కాదని దీనివలన తెలియుచున్నది.

పండుగప్ప విచిత్రము

గోదావరి పాయలు సముద్రమును చేరుచోట్ల దొరకు పండుగప్ప ఈ విషయమున మరింత ముందుకు పోయినది. ఈ చేప సాధారణముగా మొదట మగదిగా పక్వమగును. మూడు నాలుగేండ్ల వయస్సున శుక్రకణములను ఉత్పత్తి చేయును. పిదప కొన్ని సంవత్సరములకు, శరీరము బాగుగా పెరిగిన తరువాత, దాని వృషణము క్రమముగా అండాశయముగా మారును. నిన్నటి తండ్రి నేటి తల్లి యగునన్నమాట. ఆసియా ప్రాంతములో మొదటినుండియు ఆడవిగా ఎదుగు పండుగప్పలును కొన్ని కలవు.

ఈ మార్పువలన జాతికి లాభమేమి? శుక్రకణములు మిక్కిలి చిన్నవి. చిన్న చేపయు వానిని కోట్ల కొలది తయారు చేయగలదు. అండము పెద్దది. దానిలో ఆహారము నింపవలెను. ఎంత పెద్ద కడుపైన అన్ని గ్రుడ్లు. కావున చిన్నతనమున మగదిగాను, పెద్దతనమున ఆడదిగాను ఉన్న చేపకు సంతానము ఎక్కువగును.

జీవితము నడుమ మార్పు జరుగుచున్నను దాని జన్యువులు మారవు. వానిని వాడుకొను తీరు మారును. 2018లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారము, జన్యువులపై చేరు మిథైల్ అను రసాయన గుర్తులు మగ పండుగప్పలోను ఆడ పండుగప్పలోను భిన్నముగా ఉన్నవి. వృషణమునకు కావలసిన జన్యువుపై మగ చేపలో ఆ గుర్తులు తక్కువ. ఆరోమటేజ్ జన్యువుపై ఆడ చేపలో తక్కువ. గుర్తులు ఎక్కువగానున్న జన్యువు మూసిన పుస్తకము వంటిది.

ఈ విషయము బెస్తవారికిని, రైతులకును ముఖ్యమైనది. పెద్ద పండుగప్పలనే ఏరి పట్టుచు పోయినచో పోవునవి చాలవరకు తల్లులే. చిన్నవానినే పట్టుచు పోయినచో తల్లులు కాగల చేపలు మిగులవు. హేచరీలలోను ఇదే చిక్కు. తల్లి చేప కావలెనన్న ఏండ్ల తరబడి పెంచి కనిపెట్టుకొని యుండవలెను. మనదేశములో పండుగప్ప పిల్లలను హేచరీలో ఉత్పత్తి చేయుట 1997లో చెన్నై నగరమందలి కేంద్ర ఉప్పునీటి జలచరముల పెంపక పరిశోధనా సంస్థ సాధించినది.

తిలాపియా బెడద

తిలాపియా కథ దీనికి భిన్నము. 1952లో మొజాంబిక్ తిలాపియా మన దేశమునకు వచ్చెను. మూడు నాలుగు నెలలకే ఇది గ్రుడ్లు పెట్టును. తల్లి ఆ గ్రుడ్లను నోటిలో ఉంచుకొని కాపాడును. ఆ దినములలో మేత ముట్టదు, పెరగదు. ఒక చెరువులో ఆడవి, మగవి కలిసియున్నచో కొలది కాలమునకే చెరువు చిన్న పిల్లలతో నిండిపోవును. బరువు పెరిగిన చేప దొరకదు. తప్పించుకొని కాలువలలోను, కొల్లేటిలోను చేరినచో దేశవాళీ చేపల ఆహారమునకు, ఆవాసమునకు పోటీయగును. అందుచేత మగ చేపలను మాత్రమే పెంచు ఉపాయము వెదకవలసివచ్చెను.

మొదటి ఉపాయము హార్మోను. మేతతిను తొలి మూడు నాలుగు వారములు మిథైల్ టెస్టోస్టిరాన్ కలిపిన మేత పెట్టినచో ఎక్స్–ఎక్స్ పిల్లలును మగవిగా ఎదుగును. జన్యువులను త్రోసిరాజని హార్మోను లింగమును మార్చగలదని జపానులోని నగోయా విశ్వవిద్యాలయమున యమమోతో 1953లో మెదాకా చేపలో నిరూపించెను. కాని ఈ మందును కొలతతో, జాగ్రత్తతో వాడవలెను. మేత కలుపువారి చేతులకు అంటరాదు. తొట్ల నీరు కాలువలో కలియరాదు.

రెండవది సంకరము. 1960లో హిక్లింగ్ అను శాస్త్రజ్ఞుడు మలయాలోని మలక్కాలో రెండు తిలాపియా రకములను కలిపి మగ పిల్లలను మాత్రమే పొందిన వార్తను ప్రకటించెను. కారణము తరువాత తేలెను. తల్లి జాతిది ఎక్స్–వై పద్ధతి, తండ్రి జాతిది జెడ్–డబ్ల్యు పద్ధతి. తల్లినుండి ఎక్స్, తండ్రినుండి జెడ్ చేరిన పిల్లలన్నియు మగవే.

మూడవది అన్నిటికంటె తెలివైనది. ఎక్స్–వై పిల్లలకు ఆడ హార్మోను నిచ్చి వానిని ఆడవిగా మార్చుదురు. వానిని మామూలు మగవానితో కలిపినచో నాల్గింట ఒక వంతు పిల్లలకు వై–వై వచ్చును. ఈ వై–వై మగవానిని మామూలు ఆడదానితో కలిపినచో పిల్లలన్నియు ఎక్స్–వై, అనగా మగవి. మందు తినినది నాయనమ్మ మాత్రమే. రైతు చెరువులో పెరుగు చేప మందెరుగదు. అయినను నీటి వేడిమి, ఇతర జన్యువులు కలుగజేసికొనుటచే అప్పుడప్పుడు కొన్ని ఆడవి తప్పక కనబడును.

నీలకంఠ రొయ్య

చేప కాకపోయినను డెల్టా రైతులకు మిక్కిలి కావలసిన మంచినీటి నీలకంఠ రొయ్యలో కూడ మగదే పెద్దదిగా పెరుగును. దీనిది కోడి పద్ధతి. ఆడదానిలో జెడ్–డబ్ల్యు, మగదానిలో జెడ్–జెడ్. మగ రొయ్యలో మగతనమును నిలుపు గ్రంథి ఒకటి కలదు. ఇజ్రాయేలులో అమీర్ సాగీ బృందము ఆ గ్రంథి హార్మోనుకు సంబంధించిన జన్యువును 2012 నాటికి తాత్కాలికముగా అణచి, జెడ్–జెడ్ రొయ్యను ఆడదిగా మార్చగలిగెను. అట్టి తల్లికి కలుగు పిల్లలన్నియు మగవే. ఇందులో జన్యువును మార్చుట లేదు, దాని మాటను కొంతకాలము వినబడకుండ చేయుటయే.

ఆడ, మగ భేదము పుట్టుకతోనే శాశ్వతముగా వ్రాసిపెట్టబడినదని సాధారణముగా తలంతుము. చేపలలో జన్యువు మొదటి మాట చెప్పును. హార్మోను, వేడిమి, వయస్సు, శరీర పరిమాణము తరువాతి మాటలు చెప్పును. చివరి మాట ఎవరిదో జాతిని బట్టి యుండును. కావున ఒక జాతికి పనికివచ్చిన ఉపాయమును మరియొక జాతికి గ్రుడ్డిగా అన్వయింపరాదు. మగపిల్లలనే ఇత్తుమని చెప్పు హేచరీనుండి విత్తనము కొను రైతు, వానిని మందుతో మార్చిరా, సంకరముతో పొందిరా, వై–వై తండ్రితో పొందిరా అని అడిగి తెలిసికొనుట మేలు. పండుగప్పను పట్టు బెస్తవారు నదీముఖములలో పెద్ద తల్లులను కొన్నిటినైనను విడిచిపెట్టుట అంతకంటె మేలు. ఆ తల్లి తిరిగి కావలెనన్న ఒక మగ చేప ఏండ్లకు ఏండ్లు బ్రతికి పెరుగవలసియున్నది.