మీకు తెలుసా? చుండ్రుకు నూనె మందు కాదు

తలలోంచి పొట్టు రాలగానే “మాడు ఎండిపోయింది, నూనె పెట్టు” అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. నిజానికి చాలామందిలో సంగతి దీనికి తలకిందులు. మనందరి మాడు మీదా మలసీజియా అనే సూక్ష్మ శిలీంధ్రం ఉంటుంది. 1874లో దాన్ని వర్ణించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త మలసే పేరే దానికి పెట్టారు. కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకోలేదు కాబట్టి అది మన జిడ్డు తిని బతుకుతుంది. అలా జిడ్డు విరిగినప్పుడు పుట్టే ఒలీయిక్ ఆమ్లం కొందరికి పడదు. మాడు దురదపెడుతుంది, చర్మకణాలు గబగబా పొట్టుగా రాలతాయి. రాత్రంతా తలకు నూనె పెట్టి ఉంచితే చాలాసార్లు ఆ శిలీంధ్రానికి మేత వేసినట్టే!

ఈ శిలీంధ్రాన్ని అణచే కీటోకోనజోల్ మందు ఉన్న షాంపూ రాసిన వెంటనే కడిగేయకండి. 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. మందు పనిచేయలేదనుకునేవాళ్లు ముందు ఇది సరిచూసుకోవాలి. సహజమైనవాటిలో 5 శాతం టీ ట్రీ నూనె ఉన్న షాంపూకు కొంత పరిశోధన బలం ఉంది. కుంకుడు రసం జిడ్డు వదిలిస్తుంది కానీ కళ్లు జాగ్రత్త. హోమియో మాత్రలు చుండ్రును తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారాలు లేవు. కనుబొమలు, ముక్కు పక్కల కూడా ఎర్రబడి పొట్టు లేస్తుంటే చర్మవైద్యులకు చూపించండి.